పీకుతోందా, సలుపుతోందా?

పొద్దున్న 5:30కి మా హాస్టల్ గేటు దగ్గర నిలబడితే మీకు ఈ మాటలు వినిపిస్తాయి.

"నిన్న ఎంత కొట్టావు రా?"

"పది. జోన్ టూలోనే."

"కేడెన్స్?"

"168. ఇంకా పెంచాలి."

"నా వీవోటూ మ్యాక్స్ 46కి వచ్చింది తెలుసా!"

"అవునూ, నీ కాలు ఎలా ఉంది?"

"పర్లేదు, కొంచెం పెయిన్. వాచ్ మాత్రం రికవరీ 80 శాతం అంటోంది."

ఆ చివరి జవాబు చూడండి. అడిగింది కాలు గురించి, చెప్పింది వాచ్ గురించి. ఆ జవాబు చెప్పింది నేనే. ఈ వ్యాసం దాని గురించే.

ముందే ఒక మాట. నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. పదో తరగతి దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి నా తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది, ఆవిడ కంట పడనివి మీరు సర్దుకోండి.

మా రన్నింగ్ గ్యాంగ్‌లో ఏడుగురం. మొదట్లో వాచ్ ఉన్నది ఒక్క సీనియర్ అన్నకే. ఇప్పుడు అందరి చేతికీ ఉంది. ఎవరికో వెబ్‌సైట్ చేసిపెడితే వచ్చిన డబ్బుతో నాది కొన్నా. ఏప్రిల్‌లో పరుగు మొదలుపెట్టా. మొదటి వారం 2 కి.మీ. పరిగెత్తితే ఊపిరి అందేది కాదు. ఆరు వారాలు తిరిగేసరికి 8 కి.మీ. మాట్లాడుకుంటూ పరిగెత్తేవాడిని. జూన్ రెండో వారానికి వారానికి 45 కి.మీ. అయింది. రెస్టింగ్ హార్ట్ రేట్ 74 నుంచి 61కి దిగింది. ఆ ఊపులో ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21.1 కి.మీ.కి, రిజిస్టర్ చేసుకున్నా.

జూన్ మూడో వారంలో కుడికాలికి నొప్పి మొదలైంది. మోకాలికీ చీలమండకీ మధ్య ముందువైపు ఉండే ఎముక, దాని లోపలి అంచున. మొదట్లో పరుగు మొదలెట్టిన పది నిమిషాలకి పోయేది. తర్వాత పరుగంతా ఉండేది. ఆ తర్వాత మెస్‌కి నడిచి వెళ్తున్నా ఉండేది. గ్రూప్‌లో అడిగా. "షిన్ స్ప్లింట్స్ బ్రో, అందరికీ వస్తాయి." "షూస్ మార్చు." "ఐస్ పెట్టు." "కేడెన్స్ 180కి పెంచు." ఎలాంటి నొప్పి అని ఎవరూ అడగలేదు. అడిగినా నా దగ్గర "పెయిన్" తప్ప వేరే మాట లేదు. ఒకడు మాత్రం "పదికి ఎంత?" అన్నాడు. "ఆరు" అన్నా. ఆరు అంటే ఏంటో నాకూ తెలీదు, వాడికీ తెలీదు.

ఆ రోజుకి నా స్ట్రీక్ 47 రోజులు. వాచ్‌లో అన్నీ పచ్చ రంగులోనే ఉన్నాయి. ఇంకో తొమ్మిది రోజులు అలాగే పరిగెత్తాను.

ఒక ఆదివారం రాత్రి అమ్మమ్మ ఫోన్ చేసింది. వాళ్ళది పశ్చిమ గోదావరిలో ఒక పల్లె. నలభై ఏళ్ళు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన మనిషి.

"ఏరా, గొంతు అలా ఉందేంటి?"

"కాలు నొప్పి అమ్మమ్మా. నిద్ర పట్టట్లేదు."

"పీకుతోందా, సలుపుతోందా?"

"రెండూ ఒకటే కదా?"

"ఒకటే ఎలా అవుద్ది రా? రోజంతా వంగి ఊడిస్తే రాత్రికి కాళ్ళు పీకుతాయి. పిక్కలు మొత్తం పీకుతాయి. ఎవరైనా కాసేపు పిసికితే హాయిగా ఉంటది, తెల్లారేసరికి పోద్ది. సలుపు అలా కాదు. సెగ్గడ్డ లేచినప్పుడు చూడు, ఒకే చోట గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటది. కదలకుండా పడుకున్నా ఊరుకోదు. నీది ఎక్కడో వేలు పెట్టి చూపించగలవా?"

చూపించగలిగాను. రూపాయి బిళ్ళంత చోటు. నొక్కితే ప్రాణం పోయినంత పనయింది.

"సలుపే" అన్నా.

"అయితే ఆ పరుగు ఆపి పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పో."

మర్నాడు డాక్టర్ గారు అడిగిన ప్రశ్నలు ఇవి: పడుకున్నప్పుడు కూడా ఉంటుందా? కాలంతా ఉందా, ఒక్కచోటేనా? నొక్కితే ఎక్కువవుతుందా? దాదాపు అమ్మమ్మ అడిగినవే. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. మొదటి దశలో ఎక్స్‌రేకి చాలాసార్లు దొరకదని చెప్పి ఎమ్మారై తీయించారు. అందులో బయటపడింది. ఎముక ఇంకా చిట్లలేదు కానీ ఆ దారిలోనే ఉంది. ఇలాగే పరిగెత్తితే స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యే అవకాశం ఉందన్నారు. ఆరు వారాలు పరుగు బంద్. ఆగస్టు హాఫ్ పోయింది.

అమ్మమ్మ డాక్టర్ అని నేను అనట్లేదు. నన్ను డాక్టర్ దగ్గరికి పంపించిందే ఆవిడ. పీకితే సేఫ్, సలిపితే ఎమ్మారై అని రూల్ రాసుకోకండి, నొప్పి తగ్గకపోతే ఏ నొప్పైనా చూపించుకోవాల్సిందే. నేను అనేది ఒక్కటే. నా దగ్గర ఒక మాట ఉన్నచోట ఆవిడ దగ్గర రెండున్నాయి. ఆ రెండు మాటల మధ్య తేడాయే నాకు ఆ రోజు కావలసిన సమాచారం.

ఆ ఆరు వారాల్లో వాచ్ ఎలా పనిచేస్తుందో చదివా. మన బ్రాంచి బుద్ధి ఎక్కడికి పోతుంది? వెనకవైపు పచ్చ లైట్లు వెలుగుతాయి కదా. రక్తం పచ్చ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం పెరుగుతుంది, వెనక్కి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెడితే హార్ట్ రేట్. చేతి కదలికని యాక్సెలరోమీటర్, దూరాన్ని జీపీఎస్ చూసుకుంటాయి. పరుగులో అది ముఖ్యంగా కొలిచేది ఇంతే. జోన్లు, వీవోటూ మ్యాక్స్, రికవరీ, ట్రైనింగ్ లోడ్ అన్నీ వీటి మీద కట్టిన మోడల్ ఇచ్చే అంచనాలు. వీవోటూ మ్యాక్స్‌ని నిజంగా కొలవాలంటే ల్యాబ్‌లో మూతికి మాస్క్ పెట్టి, పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలవాలి.

మనం రోజూ పలికే అంకెలకి కూడా కథలున్నాయి. సెట్టింగ్స్ మార్చకపోతే చాలా వాచ్‌లు జోన్లని 220లోంచి వయసు తీసేసిన అంకె మీద కడతాయి. నాకు 19 కాబట్టి 201. ఇది సగటు మాత్రమే. ఒకే వయసు వాళ్ళలో అసలు అంకె పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండటం మామూలే. అంటే నా జోన్ టూ, పక్కవాడి జోన్ టూ ఒకటి కాకపోవచ్చు. ఇక కేడెన్స్ 180. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ రన్నర్ల అడుగులు లెక్కపెట్టాడు. దాదాపు అందరూ నిమిషానికి 180 లేదా అంతకంటే ఎక్కువ వేస్తున్నారు. వాళ్ళు ఒలింపిక్ వేగంతో పోటీలో ఉన్నవాళ్ళు. నేను కిలోమీటర్‌కి 7 నిమిషాలు తీసుకుంటూ క్యాంటీన్ చుట్టూ తిరిగేవాడిని. ఇద్దరికీ ఒకటే అంకె ఎందుకుండాలి?

అసలు విషయం ఎముకది. గుండె, రక్తం కొత్త శ్రమకి కొన్ని వారాల్లోనే అలవాటు పడటం మొదలుపెడతాయి. ఎముక పద్ధతి వేరు. కొత్త భారం పడితే అది ముందు పాతదాన్ని కొంత తవ్వేసి, ఆ చోట కొత్తది కడుతుంది. తవ్వకం త్వరగా అయిపోతుంది. కట్టడానికి నెలలు పడుతుంది. పైప్‌లైన్ కోసం తవ్విన మన కాలేజీ రోడ్డు లాగా, మధ్యలో కొన్నాళ్ళు ముందుకంటే బలహీనంగా ఉంటుంది. నా ఏప్రిల్ నుంచి జూన్ దాకా సరిగ్గా ఆ మధ్యకాలం. వాచ్ నా గుండెని చూసి శభాష్ అంది. ఆ శభాష్ అబద్ధం కాదు, నా గుండె నిజంగానే బాగుపడింది. కానీ ఎముకకి సెన్సర్ లేదు. దాని గురించి నాకు కబురు అందే దారి నొప్పి ఒక్కటే. ఆ కబురుని నేను 6 అని రౌండ్ ఆఫ్ చేసి పడేశాను. లాసీ కంప్రెషన్ అంటే ఏంటో ఎగ్జామ్‌లో రాశాను గానీ, నా కాలి మీదే చేస్తున్నానని తట్టలేదు.

వాచ్ తీసి పారేయమని నేను చెప్పను. మా సీనియర్ అన్న ఈ వ్యాసం డ్రాఫ్ట్ చదివి, "అది లేకపోతే నువ్వు రెండో రోజే మానేసేవాడివి రా" అన్నాడు. నిజమే. నెమ్మదిగా పరిగెత్తాల్సిన రోజు నన్ను నెమ్మదిగా ఉంచేది అదే. జ్వరం వచ్చే ముందు రోజు రెస్టింగ్ హార్ట్ రేట్ పెరగడం నేనూ చూశాను. నా గొడవ వాచ్‌తో కాదు, మన కబుర్లతో. అంకెని పోల్చుకోవచ్చు, స్క్రీన్‌షాట్ తీయొచ్చు, స్టేటస్ పెట్టొచ్చు. నొప్పి గురించి వివరంగా చెప్తే "సాకులు చెప్తున్నాడు" అంటారేమో అని భయం. అందుకే ఏడుగురం కలిసి రోజూ గంట మాట్లాడుకునేవాళ్ళం, నా ఎముక సంగతి మాత్రం 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న అమ్మమ్మకి తెలిసింది.

మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. బరువెత్తుతుంటే నడుము కలుక్కుమంటుంది. చలిలో వార్మప్ చేయకుండా ఉరికితే పిక్క పట్టేస్తుంది. గుంతలో అడుగు పడితే చీలమండ బెణుకుతుంది. షూ లేసు బిగించేస్తే వేళ్ళు మొద్దుబారతాయి. జ్వరం వచ్చే ముందు కీళ్ళు తీపులు పెడతాయి. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు వస్తుంది. ఈ చివరిది ప్లాంటార్ ఫాసియైటిస్‌కి బాగా తెలిసిన గుర్తు. "హీల్ పెయిన్, 5" అని చెప్తే ఆ పొద్దున్నా, ఆ మొదటి అడుగూ రెండూ ఎగిరిపోతాయి. గుండెపోటు, తలపోటు అని రోజూ అంటాం గానీ, పోటు అని విడిగా అనాలని నాకు ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఆగస్టులో పరిగెత్తలేకపోయినా ఫ్రెండ్స్ కోసం మారథాన్‌కి వెళ్ళాను. ఫినిష్ దగ్గర నిలబడి చూస్తే, లైన్ దాటగానే దాదాపు అందరూ చేసే మొదటి పని వాచ్ బటన్ నొక్కడం. నేనున్నా అదే చేసేవాడిని. మా అమ్మ వయసు ఆవిడ ఒకరు వచ్చి నా పక్కన ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు. చేతికి వాచ్ లేదు. నీళ్ళ బాటిల్ ఇచ్చి "ఎలా ఉంది ఆంటీ?" అన్నా. "కాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, పాణం మాత్రం మంచిగున్నది" అన్నారు. ఆ పూట నేను చూసిన రేస్ రిపోర్టులన్నిటిలో నాకు పూర్తిగా అర్థమైంది అదొక్కటే.

సెప్టెంబర్ నుంచి మళ్ళీ పరుగు మొదలుపెట్టా. వారానికి 12 కి.మీ.తో, ఒక రోజు పరుగు, ఒక రోజు నడక. మా గ్యాంగ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రన్నింగ్ యాప్‌లలో ప్రతి పరుగు కింద రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. స్క్రీన్‌షాట్ పెట్టేముందు అందులో ఒళ్ళు ఎలా ఉందో తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. అంకె రాయకూడదు. ఇద్దరు ఇంకా రాయట్లేదు, "ఇదేం హోంవర్క్ రా" అంటున్నారు. పోనీలే. కానీ ఒక జూనియర్ వరసగా మూడు రోజులు "లేవగానే కుడి మడమ పోటు" అని రాశాడు. నాలుగో రోజు వాణ్ణి గేటు దగ్గరే ఆపేశాం. తిట్టుకున్నాడు, కానీ ఆగాడు. జూన్‌లో నన్ను అలా ఆపేవాళ్ళు లేరు. వాళ్ళు ఆపడానికి నేను చెప్పిందీ ఏమీ లేదు.

మీలో పరిగెత్తేవాళ్ళు, జిమ్‌కి వెళ్ళేవాళ్ళు, షటిల్ ఆడేవాళ్ళు ఈ వారం ఒకసారి ప్రయత్నించండి. మాట దొరక్కపోతే ఇంటికి ఫోన్ చేయండి. మీ ఊళ్ళో నొప్పికి ఏమేం మాటలున్నాయో మన క్లబ్ మెయిల్‌కి పంపితే వచ్చే సంచికలో అన్నీ కలిపి వేస్తానని ఎడిటర్ అక్క మాటిచ్చింది. శ్రీకాకుళం వాళ్ళూ, కర్నూలు వాళ్ళూ, ఆదిలాబాద్ వాళ్ళూ, అందరూ రాయండి. నా వంతుగా అమ్మమ్మ దగ్గర ఇప్పటికే పదకొండు పోగు చేశాను.