పసుపు ఎవరి సొత్తు?

1995 మార్చి 28వ తేదీన అమెరికా పేటెంటు కార్యాలయం ఒక విచిత్రమైన హక్కును ప్రసాదించింది. గాయాలు మానడానికి పసుపును వాడే పద్ధతి తమ నూతన ఆవిష్కరణ అని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి చెందిన ఇరువురు పరిశోధకులు చెప్పుకొనగా, ఆ మాట నమ్మి 5401504 అనే సంఖ్యతో పేటెంటు మంజూరు చేసింది. ఆ ఇరువురూ భారత సంతతివారే కావడం గమనార్హం. దుగ్గిరాల, నిజామాబాదు యార్డులలో పసుపు బస్తాలు మోసే హమాలీలకు, ఇక్కడ భిలాయి సెక్టర్ 6 క్వార్టర్లలో చేయి తెగి వచ్చిన మనిషికి ముందుగా పసుపు అద్దే ఇల్లాండ్రకు ఇది నవ్వులాటగానే తోచవచ్చు. కాని పేటెంటు కార్యాలయానికి కావలసింది నవ్వు కాదు, కాగితం.

ఆ కాగితాన్ని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి చూపింది. 1996లో అది 32 ఆధారాలతో పేటెంటును సవాలు చేసింది. వాటిలో ప్రాచీన గ్రంథాలున్నాయి, భారత వైద్యసంఘం పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసమూ ఉన్నది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పరదేశంలో కోట్లాది జనం ఒక పనిని నిత్యం చేస్తున్నప్పటికీ అది లెక్కలోకి రాదు; అచ్చులో ఉంటేనే లెక్క. ఈ అన్యాయపు నిబంధనను వారు 2011లో సవరించి, 2013 మార్చి నుండి మాత్రమే అమలులో పెట్టారు.

ఈ నీతి కార్మికోద్యమానికి కొత్త కాదు. ఏళ్ల తరబడి కొలిమి వద్ద చెమటోడ్చిన కాంట్రాక్టు కార్మికుడు హాజరుపట్టీలో పేరు లేదన్న ఒక్క కారణంతో లేబరు కోర్టులో ఓడిపోవడం మేము ఎన్నిసార్లు చూడలేదు! చేసిన పనికి సాక్షి శరీరమే అయినప్పుడు, యాజమాన్యం అడిగేది సంతకం.

వేప విషయంలో పోరాటం మరింత దీర్ఘమైనది. అమెరికా వ్యవసాయశాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకి 1994లో ఐరోపా కార్యాలయం ఇచ్చిన పేటెంటు 2000 మే నెలలో రద్దయింది. అప్పీలు తేలేసరికి 2005 మార్చి వచ్చింది. ఒక్క చెట్టుకు పదేళ్లు! మన దేశంలో అంతకు ముందే వేప సారాన్ని తీస్తున్న ఒక తయారీదారు స్వయంగా సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.

ఇటువంటి కేసులు ఒక్కొక్కటిగా పోరాడడం అసాధ్యమని తేలిన తరువాత 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆరంభమైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలలోని యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషలలోకి మార్చి, 2009 నుండి ఐరోపా పేటెంటు పరిశీలకులకు అందుబాటులో ఉంచారు. ప్రభుత్వరంగంలో జరిగిన మంచి పనులలో ఇది ఒకటని చెప్పడానికి మాకు సంకోచం లేదు. అయితే దాని పునాది గ్రంథం. తెలుగునాట వైద్యులు తరతరాలుగా ఆధారపడిన బసవరాజీయం వంటివి 1940 నాటి ఔషధ చట్టపు మొదటి షెడ్యూలులోనే ప్రామాణిక గ్రంథాలుగా చోటు సంపాదించుకున్నాయి. గ్రంథస్థం కాని దాని సంగతేమిటి? బైగాల, గోండుల మూలికాజ్ఞానానికి, శ్రీకాకుళం నుండి ఇక్కడికి కూలికి వచ్చిన మన అవ్వలు మూటతో పాటు తెచ్చుకొన్న గృహవైద్యానికి గ్రంథకర్త లేడు.

ఛత్తీస్‌గఢ్ ప్రజలకు ఈ ప్రశ్న ఒకసారి ప్రత్యక్షంగానే ఎదురయింది. ధాన్య శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిచారియా 1970 దశకంలో ఊరూరా సేకరించిన దాదాపు 19,000 వరి రకాలు రాయపూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం భద్రతలో ఉన్నాయి. కీళ్లనొప్పులకు పెట్టే గఠువన్ వంటి ఔషధ వరి రకాలు ఈ నేలవే. 2002లో ఆ విశ్వవిద్యాలయం సింజెంటా అనే బహుళజాతి సంస్థతో ఒప్పందానికి సిద్ధపడింది. రైతులు, ప్రజాసంఘాలు తిరగబడగా, ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ వెనుదిరిగింది. భద్రపరచినంత మాత్రాన రక్షణ కలగదు, బీరువా తాళం ఎవరి చేతిలో ఉన్నదన్నది ముఖ్యమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మన పేటెంటు చట్టం ఒక విషయంలో మెరుగైనది. సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వరాదని అందులోని 3(పి) చెబుతుంది. స్థానిక సమాజాలలో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని సైతం అభ్యంతరానికి ఆధారంగా 25వ సెక్షను అంగీకరిస్తుంది. పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కాని 2024 నిబంధనలు ఆ అభ్యంతరానికి రుసుము విధించాయి. 2023 నాటి జీవవైవిధ్య చట్ట సవరణ గ్రంథస్థ జ్ఞానాన్ని వాడుకొనేవారికి లాభాల పంపకం నుండి మినహాయింపు నిచ్చింది. ఒక చేత్తో ఇచ్చి రెండవ చేత్తో లాగుకోవడం కాక ఇదేమిటి?

కనుక, అన్నీ రాసి అచ్చువేస్తే సరి అని మేము చెప్పలేము. అచ్చయిన జ్ఞానం మీద పేటెంటు నిలవదు, నిజమే. కాని దానిని కంపెనీ ఉచితంగా వాడుకొనడానికి దారి కూడా తెరుచుకొంటుంది. 2022లో డిజిటల్ గ్రంథాలయాన్ని పేటెంటు కార్యాలయాలకు వెలుపల కూడా తెరవాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఈ భయమే కలిగింది. రాసినంత మాత్రాన మందు గుణమూ రుజువు కాదు. కాలిన గాయానికి ఆసుపత్రే శరణ్యమని మన సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2002 చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా శాఖలు ముందుగా తమ మునిసిపల్ కార్పొరేషనుకు, పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు చూపమని అడగాలి. కమిటీ కాగితం మీదనే ఉంటే మహజరు సమర్పించాలి. పదవీ విరమణ చేసిన కార్మికుల ఇళ్లలోని వృద్ధులు సమ్మతిస్తేనే వారు చెప్పినది తేదీ, ఊరు, చెప్పినవారి పేరుతో నమోదు చేయించాలి. సమ్మతించని వారిని ఒత్తిడి చేయరాదు. అభ్యంతరాలపై రుసుము ఎత్తివేయాలన్న తీర్మానాలను శాఖలు తమ తదుపరి సర్వసభ్య సమావేశంలో చేసి సమాఖ్య కార్యాలయానికి పంపవలెను.