ఉమ్మనీటి పొర దానంపై తీర్మానం

స్థలం: సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
సభ: సుభాష్‌పల్లి తెలుగు నివాసుల సర్వసభ్య సమావేశం

వర్క్‌షాపు పనుల్లో, బ్యాటరీల దగ్గర యాసిడ్, కాస్టిక్ సోడా కంట్లో చిందే ప్రమాదం ఉన్నందున; తాంబూలపు సున్నం పాకెట్టు చిట్లి పసివాళ్ల కళ్లు కాలిన ఉదంతాలను మన దేశపు నేత్రవైద్యులు నమోదు చేసినందున;

కాన్పయ్యాక మాయతోపాటు పారవేసే ఉమ్మనీటి సంచి లోపొర అలా కాలిన కంటికి పనికివస్తున్నందున; రక్తనాళాలు లేని ఆ పలుచని పొర వాపును, మచ్చను తగ్గించి, కొత్త కణాలు పరుచుకోవడానికి ఆధారమవుతున్నందున;

అలా కాలి మూలకణాలు నశించిన కంటికి, బాగున్న రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని తునకలు చేసి, ఈ పొరపైనే అమర్చే శస్త్రచికిత్సను హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రకటించినందున; ఆ సంస్థ ఆసుపత్రులు మన రైలు మార్గంలోనే భువనేశ్వర్‌లో, విశాఖపట్నంలో ఉన్నందున;

ఈ సభలో ఇలా తీర్మానించడమైనది:

1. సున్నంగానీ యాసిడ్‌గానీ కంట్లో పడితే అక్కడికక్కడే కనీసం అరగంట మంచినీటి ధారతో కడగాలి. ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసరు, ఆముదం, చనుబాలు పోయరాదు. ఈ మాట ప్రతి ఇంటికీ, ప్రతి పాన్ దుకాణానికీ చేరవేయాలి.

2. ఈ పొరను సాధారణంగా ముందే తేదీ నిర్ణయించిన సిజేరియన్ కాన్పుల్లో, బిడ్డ బయటికి వచ్చాకే తీసుకుంటారనీ, తల్లికీ బిడ్డకూ దానివల్ల హాని లేదనీ గర్భిణులకు, ఇంటి పెద్దలకు తెలియజెప్పాలి.

3. తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేసి, పొరను శుద్ధి చేసి, అతిశీతలంలో భద్రపరిచే గుర్తింపు పొందిన కణజాల బ్యాంకుకే దానం ఇవ్వాలి.

4. సమ్మతి తల్లిదే, రాతపూర్వకంగానే. భర్త మాటగానీ అత్తగారి మాటగానీ దానికి బదులు కాదు. మాయను పాతిపెట్టే ఆచారమున్న కుటుంబాలను ఒత్తిడి చేయరాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణతో, కణజాలాల వ్యాపారాన్నీ నిషేధిస్తున్నందున ఎవరూ డబ్బు అడగరాదు, ఇవ్వరాదు.

5. ఈ పొర కార్నియాకు ప్రత్యామ్నాయం కానందున మరణానంతర నేత్రదాన ప్రచారాన్ని యథాతథంగా కొనసాగించాలి.

6. సేకరణకు వీలు పరిశీలించి, గుర్తింపు పొందిన నేత్రబ్యాంకుతో మాట్లాడవలసిందిగా రైల్వే ఆసుపత్రి, మేదినీపూర్ వైద్య కళాశాల అధికారులను కోరుతూ ఈ తీర్మానం ప్రతిని తెలుగు, బెంగాలీ, హిందీ భాషల్లో పంపాలి.

తీర్మానాన్ని ప్రవేశపెట్టి, బలపరచిన పిమ్మట సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

(సం.) అధ్యక్షులు
(సం.) కార్యదర్శి