గోబర్ గ్యాస్: పేడ ఎవరిది, చాకిరీ ఎవరిది?

గోబర్ గ్యాస్ గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది స్త్రీల గురించే. కట్టెల కోసం తిరుగులాట తప్పుతుందంటారు, పొగతో కళ్లు పోవంటారు. అబద్ధమేం కాదు. పొయ్యి ముందు దగ్గి దగ్గి వండినవాళ్లకి ఆ నీలిమంట పెద్ద ఊరట. కానీ 1981లో మొదలైన జాతీయ బయోగ్యాస్ పథకం నుంచి 2018 నాటి గోబర్‌ధన్ దాకా, ఆ మంట వెనకున్న చాకిరీని పట్టించుకున్నది తక్కువ.

లెక్క మనమే వేద్దాం. ఇంటికి సరిపడే రెండు ఘనమీటర్ల ప్లాంటుకి రోజూ సుమారు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి. అందులో అన్ని నీళ్లూ కలిపి, గడ్డీగాదం ఏరేసి, ఉండలు లేకుండా పిసికి తొట్టిలో పోయాలి. కొట్టం ఊడ్చేదెవరు? బోరింగు నుంచి బిందెలు మోసేదెవరు? వేసవిలో తాగునీళ్లకే బారులు తీరే ఊళ్లో పేడలోకి మరో నాలుగు బిందెలు! గ్యాస్ వల్ల స్త్రీలకి తీరిక పెరిగిందనే నివేదికలు చదివినప్పుడల్లా, ఆ తీరికలో వాళ్లు ఎన్ని బీడీలు చుడుతున్నారో కూడా రాస్తే బాగుండుననిపిస్తుంది.

పశువులు, స్థలం, సబ్సిడీ కాగితం చాలా ఇళ్లలో మగవాడి పేరునే ఉంటాయి. గ్యాస్ పోగా మిగిలే ముద్ద మంచి ఎరువు. అదీ అతని పట్టా పొలంలోకే పోతుంది. ఇనుప డ్రమ్ము తుప్పుపట్టి కారితే బాగుచేయించే డబ్బు ఆమె చేతిలో ఉండదు. వంట మాత్రం ఆగదు, మళ్లీ కట్టెలే.

మరి పశువులే లేని ఇల్లు? దారిలో, బీళ్లలో పడిన పేడ ఇన్నాళ్లూ ఏరుకున్నవాళ్లది. వాళ్లలో దళిత కూలి స్త్రీలే ఎక్కువ. పేడకి విలువ రాగానే దానికి యజమాని పుట్టుకొస్తాడు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో కిలో పేడ 2 రూపాయలకి కొన్నప్పుడు భూమిలేనివాళ్లు ఏరి తెచ్చిందీ తీసుకుంది. ఏరేవాళ్ల హక్కుని పథకంలో రాయడం అసాధ్యమేమీ కాదన్నమాట.

ప్లాంటూ సబ్సిడీ ఇద్దరి పేరునా ఉండాలని మన సంఘాలు గ్రామసభలో అడగాలి. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో డ్రమ్ము లేదు, ఇటుక గుమ్మటమే. ఆ మేస్త్రీ పని స్త్రీలకి నేర్పించాలి. ఇక పట్నాల సంగతి. హైదరాబాదు బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్తతో గ్యాసూ కరెంటూ తీస్తున్నారు. కుళ్లిన కూరగాయలకి పట్టాదారు లేడు. ఇలాంటి ప్లాంటు ఏ ఊళ్లో పెట్టినా, దాన్ని నడిపే కాంట్రాక్టు ఆ మార్కెట్ ఊడ్చే స్త్రీల సంఘానికే మొదట ఇవ్వాలి.