భాగాలన్నీ కొన్నవే కదా!

'భాగాలన్నీ కొన్నవే కదా' అన్న వాక్యంతో నాకు తగవు ఉన్నది. వ్యాకరణరీత్యా అందులో దోషమేమీ లేదు. తర్కరీత్యా మాత్రం అది తల లేని మొండెం.

సందర్భం చెప్పాలి. నా పూర్వ విద్యార్థి ఒకడు (గణవిభజనలో తడబడేవాడు గాని యతిస్థానం ఏనాడూ తప్పలేదు) ఇంజినీరింగు చదువుతూ, ఏడాదిన్నర శ్రమపడి ఒక పెద్ద రేడియో హెలికాప్టరును కూర్చాడు. దానిని చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా చూపబోతే, పరీక్షించ వచ్చినవారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నువ్వు చేసినదేమున్నది? భాగాలన్నీ కొన్నవే కదా" అని పక్కన పెట్టించారట. కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ఆనాడే, ఆ గదిలోనే, నివేదికతో సహా, అట్టమీది బంగారు అక్షరాలతో సహా, బజారులో సిద్ధంగా అమ్మే ప్రాజెక్టును కొని తెచ్చినవారు మాత్రం సలక్షణంగా గట్టెక్కారు. వాటి భాగాలు కొన్నవి కావట. ఔను మరి, మొత్తంగా కొన్నారు!

తెలుగు పండితుడికి హెలికాప్టరుతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. ముందుగా ఆ మాటతోనే ఉన్నది పని. లోకమంతా దానిని 'హెలి', 'కాప్టర్' అని విరిచి, ఆ ముక్కలతో హెలిపాడ్ అనీ క్వాడ్‌కాప్టర్ అనీ కొత్త మాటలు పుట్టించింది. పదవిభాగం అది కాదు. గ్రీకు భాషలో హెలిక్స్ అంటే మెలిక, ప్టెరాన్ అంటే రెక్క. 'హెలికో', 'ప్టెర్' అని విరవాలి. మెలిరెక్క అనుకోండి. మాటను తప్పుగా విరిచినా యంత్రం ఎగురుతూనే ఉన్నది. భాగాన్ని తప్పుగా ఎంచుకొంటే మాత్రం ఎగరదు. నా వాదమంతా ఈ రెండో మాట మీదనే.

పరీక్షకుల తర్కాన్ని మా శాస్త్రానికి అన్వయించి చూడండి. నన్నయభట్టారకుడు భారతంలో వాడిన మాటలలో ఆయన స్వయంగా పుట్టించినవి ఎన్ని? సంస్కృతం నుండి కొన్ని, జనం నోటి నుండి కొన్ని తీసుకొన్నవే కదా. వృత్తాలూ ఆయన సొంతం కావు, కథ అసలే కాదు. అయితే ఆయన చేసినదేమీ లేదనవలెనా? ఏ మాట పక్కన ఏ మాట నిలుస్తుంది, ఏ మాట బరువుకు పాదం కుంగుతుంది అన్న ఎరుకే కవిత్వంలో సగం. దానిని ఎంపిక అంటాము. అంగడికి వెళ్ళి అడిగినంత ఇచ్చి తెచ్చుకోవడాన్ని కొనుగోలు అంటాము. ఈ రెండింటికీ భేదం తెలియనివారు పరీక్షకులు కావడం నాకు బాధ కలిగించిన విషయం.

ఇక యంత్రం సంగతి. వాడు కూర్చినది 700 తరగతిది. అంటే ప్రధానమైన రెక్క ఒక్కొక్కటీ 700 మిల్లీమీటర్ల పొడవు. రెండూ తిరిగినప్పుడు ఏర్పడే వలయం వ్యాసం మీటరున్నర దాటుతుంది. మొత్తం బరువు 5 కిలోల దరిదాపు. రెక్కలు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతాయనుకొని లెక్క కట్టండి: రెక్క కొస గంటకు దాదాపు 600 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 200 గ్రాములు తూగే రెక్క ఆ వేగంలో తన మొదలును సుమారు 350 కిలోల బలంతో బయటికి లాగుతుంది. 50 కిలోల బియ్యం బస్తాలు ఏడు, ఒక్క బోల్టుకు వేలాడదీసినట్లు! ఇప్పుడు చెప్పండి, ఆ బోల్టును కొట్టువాడు పొట్లం కట్టి ఇచ్చినది ఇచ్చినట్లు జేబులో వేసుకొని వస్తామా? దాని తలమీద 12.9 అని చెక్కి ఉన్నదో లేదో చూడాలి. ఆ అంకెలలో మొదటిది ఉక్కు తెగే బలాన్ని చెబుతుంది. రెండవది, ఆ బలంలో ఎన్ని పదోవంతుల వరకు శాశ్వతంగా సాగిపోకుండా నిలుస్తుందో చెబుతుంది. ఈ సంగతి నాకు చెప్పినది వాడే. ఆ గదిలో వాడిని ఎవరూ అడగలేదు.

తోక కథ మరీ రుచికరమైనది. పైన రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళు రెండోవైపు తిరగబోతుంది. దానిని ఆపడానికే తోకన చిన్న రెక్కలు. వాటిని తిప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి పళ్ళ బెల్టు, రెండవది బోలుగా ఉండే పొడవాటి ఇరుసు. బెల్టు సాగుతుంది, దాని బిగువు తరచు చూసుకోవాలి. ఇరుసుకు ఆ బెడద లేదు. కాని తోకరెక్క నేలకు తగిలిందా, ఇరుసు చివర ఉన్న గేరు పళ్ళు మొక్కజొన్న కంకి ఒలిచినట్లు రాలిపోతాయి. బెల్టు అయితే దెబ్బను కొంత తనలో ఇముడ్చుకొంటుంది. నేర్చుకొనేవాడు తోకను నేలకు తగిలించక మానడు కనుక మావాడు బెల్టును ఎంచుకొన్నాడు. చేయి తిరిగినవాడు ఇరుసును ఎంచుకోవచ్చు. ఒకే ప్రశ్నకు మనిషిని బట్టి రెండు సరైన జవాబులు! అలంకారశాస్త్రంలో దీనిని ఔచిత్యం అంటాము. క్షేమేంద్రుడు దానిమీద ఒక గ్రంథమే వ్రాశాడు.

మిగిలినవి త్వరగా చెబుతాను. రెక్కల వాలును మార్చే సర్వోలకు లోపలి పళ్ళు ఇత్తడివో ఉక్కువో కావాలి, ప్లాస్టిక్‌వి ఈ బరువుకు ఆగవు. లోహంలోకి బిగించే ప్రతి స్క్రూకూ మరపట్టు జిగురు ఒక చుక్క వేయాలి, లేకుంటే అదురుకు వదులవుతుంది. బ్యాటరీలో 12 గదులు, ఒక్కొక్కటి 3.7 వోల్టులు, వెరసి 44.4 వోల్టులు. ఛార్జింగులో ఏ గదీ 4.2 దాటరాదు, దాటితే అగ్గి. రెండు రెక్కలూ బరువులో సమానమైతే చాలదు, బరువు నిలిచే చోటు కూడా సమానం కావాలి.

అన్నిటికంటే నాకు నచ్చినది ఒంటిదారి బేరింగు. మోటారు రెక్కలను తిప్పగలదు గాని, మోటారు ఆగిపోతే రెక్కలను పట్టి ఆపలేదు. దిగేటప్పుడు కిందినుండి వచ్చే గాలికే అవి తిరుగుతూ ఉంటాయి. నేల దగ్గరకు వచ్చాక, ఆ తిరుగుడులో మిగిలిన బలాన్ని ఒక్కసారి ఖర్చుపెట్టి మెత్తగా దించవచ్చు. ఒక్కసారే సుమా, రెండో అవకాశం లేదు. నాలుగు మోటార్ల డ్రోనుకు ఈ యోగం లేదు; మోటార్లు ఆగితే రాయి పడ్డట్టు పడుతుంది. యంత్రం పెద్దదైనకొద్దీ రెక్కలలో దాగే బలం ఎక్కువ, గాలికి తడబాటు తక్కువ, దూరం నుండి ముక్కేదో తోకేదో కనబడుతుంది. 'ఇంత పెద్దది దేనికి, కొత్తమావాస్య జాతరలో పిల్లలకు అమ్ముతారుగా' అని నవ్వినవారికి ఇదే నా జవాబు.

ప్రమాదం కాదా అంటారు. ముమ్మాటికీ ప్రమాదమే. 2013లో న్యూయార్కు బ్రూక్లిన్ పార్కులో ఒక 19 ఏళ్ళ యువకుడు తాను ఎగురవేస్తున్న ఇటువంటి హెలికాప్టరు రెక్క తగిలి మరణించాడు. అందుకే ఇది గోడ పక్కన, మేడమీద, ఒంటరిగా నేర్చుకొనే విద్య కాకూడదు. కళాశాలలో, పెద్దల ఎదుట, ఖాళీ మైదానంలో నేర్వవలసినది. ప్రమాదమని గది బయటికి నెట్టితే కుర్రవాడు హెలికాప్టరును వదలడు, పెద్దలను వదులుతాడు.

చట్టం సంగతి చూద్దాం. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమావళి దృష్టిలో తిరుగురెక్కల యంత్రమూ మానవరహిత విమానమే. 2 కిలోలు దాటి 25 కిలోల లోపుంటే అది 'చిన్న' తరగతి (మా వీధికంతటికీ పెద్దదైనది ఢిల్లీకి చిన్నది!). చదువుకో, పరిశోధనకో, వినోదానికో కంటికి కనిపించేంత దూరంలో ఎగురవేసే 25 కిలోల లోపు నమూనాలకు రకం ధ్రువపత్రం అక్కరలేదని అదే నియమావళి చెబుతున్నది. మిగిలిన నియమాలున్నాయి, గగనతలపు పటంలో రంగు చూసుకోవాలి. విశాఖ పక్కన, నౌకాదళం నీడన ఉన్నవాళ్ళం, మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని, కొద్ది మినహాయింపులతో, నిషేధించింది. విడిభాగాలను మాత్రం వదిలిపెట్టింది. దాని అర్థం ఏమిటి? భాగాలు తెచ్చుకోండి, ఇక్కడ కూర్చుకోండి అనే కదా! ప్రభుత్వం విధానంగా ప్రకటించిన పనిని, ఒక కుర్రవాడు సొంత ఖర్చుతో చేసి చూపిస్తే, 'భాగాలన్నీ కొన్నవే' అని పెదవి విరవడమా?

ఇది ఒక్క కుర్రవాడి మార్కుల తగవైతే ఇంత వ్రాయను. మా చుట్టూ ఉన్నది చెరకు. 1913 నుండి ఇక్కడ పరిశోధన కేంద్రమున్నది. చెరకు తలను మించి ఎదిగాక లోపలికి పోయి మందు చల్లడం ఎంత నరకమో ఆకుల కోత తిన్నవాడికి తెలుసు. జపానులో యమహావారు ఇదే అవసరానికి వరిపొలాల మీద రేడియో హెలికాప్టర్లను దించారు. 1987లో ఆర్-50, 1997లో ఆర్‌మ్యాక్స్. రెండవదాని రెక్కల వలయం 3 మీటర్ల పైన. మన దేశంలో 2023లో 15,000 మహిళా సంఘాలకు మందుచల్లే డ్రోన్లు ఇచ్చే పథకం మొదలైంది. మంచిదే. 2024 అక్టోబరు 22 రాత్రి విజయవాడలో కృష్ణ ఒడ్డున 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. చూడముచ్చటగా ఉన్నది. కాని సంఘం డ్రోనులో బేరింగు అరిగిననాడు, అదే కొలతది ఏది పనికివస్తుంది, ఏది పనికిరాదు అని చెప్పగలవాడు మండలానికి ఒకడైనా ఉండాలి కదా! ఆ ఒక్కడినీ మనం ప్రాజెక్టు గదిలోంచి పంపేస్తున్నాము. మాది బెల్లం ఊరు. పాకం ఎప్పుడు దించాలో వేలితో చూసి చెప్పేవాడి ఎదుట నిలబడి, 'చెరకు నువ్వు పండించినది కాదు, పెనం నువ్వు పోసినది కాదు' అన్న వ్యాపారిని నేను ఇంతవరకు చూడలేదు.

పరీక్షకులకు నా మనవి చిన్నది. నివేదికను మూయండి. ప్రతి విద్యార్థి ప్రాజెక్టు నుండి ఒక స్క్రూ తీసి బల్లమీద పెట్టండి. ఇది ఎక్కడిది, ఇదే ఎందుకు, దీనికంటే సన్ననిది పెడితే ఏమవుతుంది అని అడగండి. వచ్చే ఏడాది ఆ గదిలో ఎంతమంది మిగులుతారో లెక్క నాకు పంపించండి, ఇక్కడే ప్రచురిస్తాను.