చూడని మొక్కకు కొలతలు

పదో తరగతి విద్యార్థి జీవశాస్త్రం రికార్డును ఒక్కసారి తిరగేయండి. ఎడమ పేజీలో పెన్సిలుతో గీసిన అర్ధపత్ర ప్రయోగం బొమ్మ. కుడి పేజీలో ఉద్దేశం, విధానం, పరిశీలన, ఫలితం. మొక్కను చీకట్లో ఉంచామనీ, పొటాషియం హైడ్రాక్సైడ్ ఉన్న సీసాలోకి ఆకును సగం వరకు చొప్పించామనీ, అయోడిన్ వేస్తే ఆ సగం నీలంగా మారలేదనీ ముత్యాల్లాంటి దస్తూరీ సాక్ష్యమిస్తుంది. ఆ మొక్క ఎక్కడుందని అడిగితే మాత్రం చాలా బడుల్లో మౌనమే సమాధానం. నిరుటి విద్యార్థి రికార్డే ఈ ఏటి విద్యార్థికి ప్రయోగశాల.

దీన్ని వసతుల లేమిగా సరిపెట్టుకోవడం ఆత్మవంచన. చూడనిది చూసినట్లు, కొలవనిది కొలిచినట్లు పిల్లల చేత రాయించి, దానికి సంతకం, ముద్ర, మార్కులు జతచేసే వ్యవస్థ విజ్ఞానశాస్త్రం పేరిట అసత్య ధ్రువీకరణను బోధిస్తోంది.

నిజమైన ప్రయోగానికి కావలసింది గుప్పెడు పెసలు, పది కుండీలు, ఒక స్కేలు, కొంత ఓపిక. మట్టి, నీరు, వెలుతురు అన్నిటికీ సమానంగా ఉంచి, సగం కుండీలకు మాత్రమే ఎరువు వేయాలి. ఒక్క గింజ బలహీనమైనదైతే తీర్పు తారుమారవుతుంది గనుక కుండీలు అనేకం ఉండాలి. కిటికీ పక్క చోటు ఏ కుండీకి దక్కాలో మన ఇష్టం కాక చీటీలు నిర్ణయించాలి. కుళ్లిన మొలకను కూడా పట్టికలో చేర్చాలి. రికార్డుల్లో ఏనాడూ ఒక్క మొలకైనా చావదు. మోసం అక్కడే బయటపడుతుంది! ఈ నియమాలకు బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ క్షేత్రంలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ శాస్త్రరూపమిచ్చి 1935లో గ్రంథస్థం చేశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940ల్లో అదే ప్రయోగ రచనాశాస్త్రానికి లంబ వ్యూహాలను (ఆర్థోగొనల్ అరేలను) అందించారు. ఆయన మనవాడని చెప్పుకోవడంలో మనకెన్నడూ లోటు లేదు.

ఈ విద్య లేమికి మూల్యం చెల్లిస్తున్నది పొలాలే. ఖరీఫ్ ముంగిట ఊరూరా తిరిగే వ్యాపారి ఏపుగా పెరిగిన ఒక్క మడిని చూపి, సీసాలోని ద్రవమే దిగుబడి పెంచిందంటాడు. ‘మందు కొట్టని మడి ఏది?’ అని అడగగల కుర్రవాడు ఆ ఇంట్లో ఉంటే అప్పు తప్పేది. ఆ ప్రశ్న నేర్పవలసిన బడి వాడి చేత రికార్డు కాపీ చేయించింది.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుని విధి అని 1976లో రాజ్యాంగంలో రాసుకున్నాం. అనుభవపూర్వక అభ్యసనమని 2020 జాతీయ విద్యావిధానం ఘోషిస్తోంది. ఏలినవారు మాత్రం ఉపాధ్యాయ ఖాళీలను ఏళ్లతరబడి సాగదీస్తారు. ప్రయోగశాలకు తాళం వేసి తాళంచెవిని భద్రపరుస్తారు. తనిఖీకి వచ్చి రికార్డులు లెక్కపెట్టుకుని వెళతారు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులమ్మే కార్పొరేట్ బడులకు మొక్క ఎదిగేదాకా ఆగే తీరికే లేదు. వాటిని అడిగే అధికారం ఉన్నవారికి అడగాలన్న సంకల్పం లేదు.

జూన్‌లో బడులు తెరిచే వేళకు తొలకరీ వస్తుంది. విత్తడానికి అంతకన్నా అదనేముంది? విద్యాశాఖ విఫలమైన ప్రయోగాన్ని నిజాయితీగా నమోదు చేసిన విద్యార్థికి పూర్తి మార్కులిచ్చేలా స్పష్టమైన ఉత్తర్వు వెలువరించాలి. తనిఖీ అధికారి రికార్డు తెరవకముందే కుండీలు చూపించమనాలి. కుండీలు లేనిచోట సంజాయిషీ ప్రధానోపాధ్యాయునితో ఆగిపోకూడదు. ఖాళీలు నింపని, నిధులు విదల్చని పై కార్యాలయాల దాకా వెళ్లాలి.