పాలడబ్బా మీద లేని బొమ్మ

గత మాసం మా మేనకోడలి ఇంట అఖీఖా విందుకు వెళ్లాము. బంధువులు పసివాడికి తెచ్చిన కానుకలలో చొక్కాలు, దోమతెర, గిలక్కాయలతోపాటు ఒక పాలపొడి డబ్బా కూడా ఉంది. పసివాడి అక్కకు ఏడేళ్లు. ఆ పాప డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "నానా! సబ్బు పెట్టె మీద పాప బొమ్మ ఉంది, పౌడరు డబ్బా మీద పాప బొమ్మ ఉంది. పాపలు తాగే పాలడబ్బా మీద మాత్రం ఎందుకు లేదు?" అని అడిగింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేము నవ్వలేకపోయాము. ఆ బొమ్మ లేకపోవడం వెనుక దాదాపు ఇరవై ఏళ్ల పోరాటం ఉంది.

ఆ డబ్బా మీద బొమ్మ లేదు గాని, తల్లిపాలే బిడ్డకు అత్యుత్తమమని చెప్పే వాక్యం ఒకటి పెద్ద అక్షరాలలో ఉంటుంది. తన సరుకు కంటే మేలైనది మరొకటి ఉందని తన డబ్బా మీద తానే అచ్చువేసుకునే వర్తకుడు లోకంలో ఉంటాడా? ఇష్టపడి ఎవడూ ఉండడు. అయినా నేడు ప్రతి కంపెనీ ఆ మాటను అచ్చువేస్తోంది. బహుళజాతి సంస్థలకు 'సామాజిక బాధ్యత' ఎలా అలవడుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

పోతపాల వ్యాపారం పాతదే. స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే 1867లో శిశువుల కోసం పాలపిండిని అమ్మకానికి పెట్టాడు. తల్లి లేని బిడ్డకు, తల్లిపాలు అందని బిడ్డకు అటువంటి ఆహారం అవసరమే. దానిని ఎవరూ కాదనరు. చిక్కు మరొక చోట వచ్చింది. 1960ల తరువాత ఐరోపా, అమెరికాలలో జననాలు తగ్గడంతో కంపెనీల చూపు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తల్లుల మీద పడింది. నర్సుల వంటి తెల్లని దుస్తులు ధరించిన అమ్మకపు స్త్రీలు కాన్పు ఆసుపత్రులకు వెళ్లి తల్లులకు ఉచితంగా నమూనా డబ్బాలు పంచేవారు. బొద్దుగా, తెల్లగా మెరిసే పాపల బొమ్మలు గోడల నిండా కనిపించేవి.

ఆ ఉచిత డబ్బాలోనే అసలు మెలిక ఉంది. బిడ్డ నోరు తాకకపోతే తల్లికి పాలు ఇంకిపోతాయి. డబ్బా అయిపోయేసరికి తల్లిపాలూ ఉండవు. ఇక కొనక తప్పదు. కొనే స్తోమత లేని ఇంట వారం రోజుల పొడిని మూడు వారాలు లాగడానికి నీళ్లు ఎక్కువ కలుపుతారు. ఆ నీళ్లు ఏ చెరువువో, ఏ బురద బావివో. సీసాను మరగబెట్టడానికి వంటచెరకు చాలదు. డబ్బా మీది సూచనలు చదవడానికి అక్షరం రాదు. ఇక విరేచనాలు, నిర్జలీకరణ, బక్కచిక్కిన శరీరం, ఆపైన చిన్న సమాధి. డాక్టర్ సిసిలీ విలియమ్స్ అనే మహిళా వైద్యురాలు ఈ ప్రమాదాన్ని 1939లోనే సింగపూర్‌లో ఒక సభలో నిలబడి ఎలుగెత్తి చెప్పింది. ఆ మాట లోకానికి వినిపించడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది.

1974లో బ్రిటన్‌లోని 'వార్ ఆన్ వాంట్' అనే స్వచ్ఛంద సంస్థ ఈ విషయం మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. బెర్న్ నగరంలోని ఒక యువబృందం దానిని జర్మన్ భాషలోకి మార్చి, 'నెస్లే శిశువులను చంపుతోంది' అని శీర్షిక పెట్టింది. కంపెనీ పరువు నష్టం దావా వేసింది. 1976లో వచ్చిన తీర్పును మన పాఠకులు శ్రద్ధగా గమనించాలి. ఆ శీర్షిక అతిశయోక్తి అని న్యాయమూర్తి భావించి, బృంద సభ్యులకు తలా 300 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించాడు. అదే నోటితో కంపెనీ తన ప్రచార పద్ధతులను మౌలికంగా మార్చుకోవాలని కూడా చెప్పాడు. ఎదురుగా అంత పెద్ద నిజం ఉండగా, ఒక్క మాట హద్దు మీరినందుకు నిజం పలికినవారే దోషులయ్యారు. దావా గెలిచిన కంపెనీ మాత్రం లోకం దృష్టిలో ఓడిపోయింది.

1977 జూలైలో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో బహిష్కరణ ఉద్యమం మొదలైంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు, నర్సులు, చర్చి సంఘాలు ఆ కంపెనీ కాఫీని, చాక్లెట్లను కొనడం మానేశారు. ఆఫ్రికాలోని ఏ పల్లెలోనో కన్నుమూసిన బిడ్డ కోసం అమెరికాలో ఒక గృహిణి తన ఇంటి కాఫీని మార్చుకుంది. కంపెనీ తొలి స్పందన మాత్రం దబాయింపే. 1978లో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ జరిపిన విచారణలో కంపెనీ ప్రతినిధి, ఇదంతా స్వేచ్ఛా వ్యాపార వ్యవస్థను దెబ్బతీయడానికి జరుగుతున్న యత్నమన్న ధోరణిలో మాట్లాడాడు. అశుభ్రమైన నీటికి మేమా బాధ్యులమన్నది కంపెనీల వాదన. నీళ్లు అశుభ్రమని తెలిసీ ఆ ఇంటికి పొడి అమ్మినవాడి బాధ్యత ఏమిటన్నది ఎదుటివారి ప్రశ్న. సామాజిక బాధ్యత చర్చ అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉందని మేము భావిస్తున్నాము. వర్తకుడి బాధ్యత కొట్టు గడప దగ్గర ముగుస్తుందా, లేక సరుకు వాడే పొయ్యి దాకా వెళుతుందా?

1981 మే మాసంలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకానికి ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 దేశాలు, వ్యతిరేకంగా ఒకే ఒక్క దేశం ఓటు వేశాయి. ఆ ఒక్కటి అమెరికా. మూడు దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. తల్లులకు ఉచిత నమూనాలు ఇవ్వరాదు, ప్రజలకు ప్రకటనలు చేయరాదు, ఆరోగ్య సిబ్బందికి కానుకలు ముట్టజెప్పరాదు, డబ్బా మీద పాప బొమ్మ వేయరాదు అన్నవి అందులోని ముఖ్య నియమాలు. 1982లో నెస్లే తనపై వచ్చే ఫిర్యాదులను పరిశీలించడానికి మాజీ సెనేటర్ ఎడ్మండ్ మస్కీ అధ్యక్షతన ఒక తనిఖీ సంఘాన్ని ఏర్పాటు చేసింది. 1984లో బహిష్కరణ ముగిసింది. ఆసుపత్రులకు ఉచిత సరఫరా ఆగలేదన్న ఆరోపణతో 1988లో అది మళ్లీ మొదలైంది. 2011లో అదే కంపెనీ బాధ్యతాయుత సంస్థల సూచీ అయిన 'ఎఫ్.టి.ఎస్.ఇ.ఫర్‌గుడ్'లో చోటు సంపాదించింది. విమర్శకులు మాత్రం నేటికీ తమ నిఘా మానలేదు.

ఈ వరుసను చూస్తే ఒక క్రమం బోధపడుతుంది. మొదట నిరాకరణ, తరువాత దావా, ఆ తరువాత ప్రచారం, చిట్టచివరకు నియమావళి, తనిఖీ. కంపెనీలలో మంచి మనుషులు లేరని మేము అనడం లేదు. అయితే ఆ మంచి మనుషుల మాట లోపల చెల్లుబాటు కావడానికి బయట గొంతులు లేవవలసి వచ్చింది. గొంతులు అలసినప్పుడు కాగితం మీది వాగ్దానమూ అలసిపోయింది.

మన దేశం మరొక అడుగు ముందుకు వేసింది. వాగ్దానాన్ని కంపెనీల ఇష్టానికి వదలక 1992లో చట్టం చేసింది. అది 1993 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చింది. 2003లో సవరణతో రెండేళ్లలోపు శిశువుల ఆహారానికి ఏ రూపంలోనూ ప్రచారం చేయరాదన్న నిషేధం వచ్చింది. వైద్యుల సంఘాలకు ఆ కంపెనీల సొమ్ము ముట్టరాదన్న కట్టడి కూడా వచ్చింది. మా మేనకోడలి ఇంట పాప చూసిన బొమ్మలేని డబ్బా ఈ చట్టం ఫలితమే.

అయితే కథ అక్కడ ముగియలేదు. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన 'పబ్లిక్ ఐ' అనే సంస్థ, శిశు ఆహార ఉద్యమ సంఘాల వేదికతో కలిసి ఒక నివేదిక వెలువరించింది. మన దేశంలో అమ్ముడయ్యే సెరెలాక్‌లో ఒక్కో విడతకు సగటున దాదాపు 3 గ్రాముల అదనపు చక్కెర ఉందని, స్విట్జర్లాండ్, జర్మనీ, బ్రిటన్‌లలో అదే తరహా ఆహారంలో అది లేదని అందులో తేలింది. తాము స్థానిక నిబంధనలను పాటిస్తున్నామని, ఐదేళ్లలో అదనపు చక్కెరను 30 శాతం దాకా తగ్గించామని కంపెనీ బదులిచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో, మన దేశంలోని 21 రకాల సెరెలాక్‌లలో 14 రకాలు శుద్ధి చేసిన చక్కెర లేకుండా వస్తాయని ప్రకటించింది. ఈ పని మూడేళ్ల కిందటే మొదలుపెట్టామని కూడా చెప్పింది. అది నిజమే కావచ్చు. కాని అది బహిరంగ ప్రకటనగా మారింది మాత్రం వివాదం రేగిన ఆరు మాసాలకే. నిబంధన అనుమతిస్తే చాలా? తన దేశపు బిడ్డకు పెట్టనిది ఇతర దేశపు బిడ్డకు పెట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏ చట్టపు పుస్తకమూ అక్కరలేదు, ఒక తల్లి చాలు.

ఇక్కడ మరొక అపోహను తొలగించుకోవాలి. మన కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 నుండి అమలులో ఉంది. 500 కోట్ల నికర ఆస్తి గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న సంస్థ, గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యాలకు వెచ్చించాలి. దాని వల్ల పాఠశాలలకు బెంచీలు, గ్రామాలకు మంచినీటి యంత్రాలు వచ్చాయి. మంచిదే. అయితే ఆ లెక్కల పుస్తకం వెచ్చించిన సొమ్మును చూస్తుంది గాని, ఆ సొమ్ము వచ్చిన దారిని చూడదు. సంస్థ తన రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసే పని ఆ ఖర్చు కింద లెక్కకే రాదు. శిశువు ఆహారంలో చక్కెర ఎంత కలపాలన్న నిర్ణయం ఆ పద్దులో ఎక్కడా కనిపించదు. కాబట్టి ఫలానా కంపెనీ మా ఊరికి నీటి యంత్రం ఇచ్చిందన్నంత మాత్రాన దాని లెక్క సరిపోదు. దానం సంపాదనను కడగదు.

పండుగకు మనం కొనే బట్టల వెనుక కూడా ఇదే కథ ఉంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది కుట్టుపని కార్మికులు మరణించారు. విదేశీ బట్టల కంపెనీలకు అంతకు ముందే అందమైన నియమావళులు ఉన్నాయి. ఆ భవనంలోని కొన్ని కర్మాగారాలను తనిఖీదారులు చూసి వెళ్లారు కూడా. ముందు రోజు గోడలు పగుళ్లిచ్చినా కార్మికులను మళ్లీ పనికి రప్పించారు. ఆ దుర్ఘటన తరువాత కొద్ది వారాలలోనే కంపెనీలకు, కార్మిక సంఘాలకు మధ్య భవన భద్రత మీద చట్టబద్ధమైన ఒప్పందం కుదిరింది. మాట ఒప్పందంగా మారడానికి అన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది.

మరి మన ఇళ్లలో మనం చేయగలిగింది ఏమిటి? మొదటిది, డబ్బా వెనుక వైపు చదవడం. ముందు వైపు కంపెనీ చెప్పదలచినది ఉంటుంది. వెనుక వైపు చట్టం చెప్పించినది ఉంటుంది. రెండవది, విన్నదాన్ని విచారించడం. ఫలానా సరుకులో విషం ఉందని ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ పదిమందికి పంపడం బాధ్యత కాదు. వార్త వస్తే నిగ్గు తేల్చుకోమని మన ధర్మం మనకు నేర్పింది. బెర్న్ తీర్పు కూడా చెప్పినది అదే. మూడవది, పట్టు వదలకపోవడం. నెల రోజుల కోపంతో ఏ నియమావళీ మారలేదు. నాల్గవది, మన చుట్టూ చట్టం అతిక్రమించడం కనిపిస్తే, ఎవరైనా బాలింతకు ఉచిత నమూనా ఇస్తే, ఆ మాట జిల్లా ఆరోగ్యాధికారికి చేరవేయడం.

ఒక మాట మాత్రం మరువరాదు. అనారోగ్యం వల్లనో, మందుల వల్లనో బిడ్డకు పాలివ్వలేని తల్లులు మన మధ్య ఉన్నారు. వైద్యుని సలహాతో డబ్బా పాలు పడుతున్న ఆ తల్లిని చూసి పెదవి విరవకండి. ఈ పోరాటం ఆమె మీద కాదు, ఆమె నిస్సహాయతను లాభంగా మార్చుకునే పద్ధతి మీద. దివ్య ఖుర్ఆన్ రెండవ సూరాలో పాలు తాగే శిశువు విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు రెండేళ్ల గడువు కనిపిస్తుంది. ఎవరి మీదా శక్తికి మించిన భారం ఉండరాదన్న సూత్రమూ కనిపిస్తుంది. మరొక స్త్రీ చేత పాలు ఇప్పిస్తే ఆమెకు న్యాయంగా ప్రతిఫలం చెల్లించాలన్న నియమమూ అక్కడే ఉంది. తల్లి, తండ్రి, పాలిచ్చే దాది, వీరందరి హక్కుల నడుమ బిడ్డ హక్కు భద్రంగా ఉంది. నేడు ఆ వరుసలోకి కంపెనీ కూడా వచ్చి నిలబడింది. వచ్చినందుకు దాని బాధ్యతను అదీ మోయాలి.

ఆ రోజు మా పాపకు ఇంత కథ చెప్పలేదు. "బొమ్మ ఉంటే అమ్మలు బొమ్మను చూసి కొంటారమ్మా. అందుకే పెద్దలు దాన్ని తీసివేయించారు" అన్నాము. పాప కాసేపు ఆలోచించి, డబ్బాను పక్కన పెట్టి, లోపలి గదిలోకి తొంగి చూసింది. మా మేనకోడలు కొంగు చాటున పసివాడికి పాలు పడుతోంది. "అయితే తమ్ముడికి ఈ డబ్బా ఎందుకు?" అని అడిగింది పాప. కానుక తెచ్చిన బంధువు నొచ్చుకోకుండా ఏం చెప్పాలో మాకు తోచలేదు. ఈసారి అఖీఖాకు వెళ్లేటప్పుడు ఏ కానుక తీసుకువెళ్లాలో మాత్రం మాకు తెలిసింది.