రంగునకు కొలత యేది?

సూక్ష్మదర్శినిలో చూచి ‘రంగు గాఢముగా నున్నది’ అనుట సులభము; ఎంత గాఢమో చెప్పుట కష్టము. రొమ్ము క్యాన్సరునందు హెర్-2 పరీక్షలో, కణపు పొరకు గోధుమరంగు ఎంత నిండుగా, ఎంత గాఢముగా పట్టినదో చూచి 0 నుండి 3 వరకు అంకె వేయుదురు. మందు నిర్ణయించుటకు అదియొక ఆధారము. ఇరువురి కన్నులు ఒకే అంకె వేయునను నమ్మకము లేదు.

డిజిటల్ చిత్రమందలి ప్రతి బిందువునకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు సంఖ్యలుండును. రంగు ముదిరిన కొలది అవి తగ్గును. ఖాళీ గాజుపలక గుండా వచ్చిన వెలుతురును రంగు గుండా వచ్చిన వెలుతురుచే భాగించి, సంవర్గమానము కట్టినచో గాఢత తేలును. మన తెలుగు బడిలో నేర్చు లెక్కయే యిది! అయినను ఈ గోధుమరంగు వెలుతురును పీల్చుటే గాక చెదరగొట్టును. సంఖ్య రెట్టింపైనంతనే పదార్థము రెట్టింపని యెంచరాదు. ఖాళీ పలకను చిత్రింపక, దీపకాంతిని మార్చుచు తీసిన చిత్రములపై కట్టిన లెక్కలను మేము అంగీకరింపము.